పదేళ్ల కిందట పెట్టిన పోస్టులను సరిచేసుకోవడం ఎలా

కర్నూలులోనో, అనంతపురంలోనో, కడపలోనో కాలేజీలో చదువుకుంటూ 2009కీ 2020కీ మధ్య సోషల్ మీడియాలో ఖాతా తెరిచినవారిని ఉద్దేశించి ఈ వ్యాసం రాస్తున్నాను. వారిలో కొందరు గంటకు ఇంతని డబ్బు కట్టి ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చుని రాశారు. పల్లెల్లోని పిల్లలు చాలామంది 2016 సెప్టెంబరులో జియో ఉచిత డేటా వచ్చిన తరువాతే అందులోకి అడుగుపెట్టారు. ఆ వయసులో రాసిన మాటలు ఇప్పటికీ మీ పేరు కింద, మీ ఫోటో పక్కనే ఉన్నాయి. ఈలోగా మీలో ఒకరు బడిలో పాఠాలు చెబుతున్నారు, మరొకరు బ్యాంకులో పనిచేస్తున్నారు, ఇంకొకరు హైదరాబాదులోనో బెంగళూరులోనో పది ప్రాంతాల వారితో కలిసి ఒకే గదిలో కూర్చుంటున్నారు. ఆనాటి మాటలు ఎవరిని ఉద్దేశించి అన్నారో, వారే ఈనాడు మీ పక్క కుర్చీలో ఉండవచ్చు.

ఈ సంగతి గుర్తుకు రాగానే చాలామంది చేసే పని ఖాతాను మొత్తంగా తీసేయడం. ఉద్యోగం ఖాయమవుతుందనగానో, పెళ్లి సంబంధం కుదురుతుందనగానో ఒక రాత్రిలో అంతా తుడిచేస్తారు. ఆ పద్ధతి సరైనది కాదని నా గట్టి అభిప్రాయం. ఖాతా పోతే ఆ మాటలు మీ కంటికి కనిపించవు, అంతవరకే. అవి ఎవరికి తగిలాయో వారికి అవి గుర్తుంటాయి, మీకు మాత్రం ఎవరిని ఏమన్నారో తెలుసుకునే దారి కూడా మూసుకుపోతుంది. తొలగించడం ఈ పనిలో ఒక భాగమే గానీ అది చివరన రావాలి. అంతకుముందు చదవాలి, వేరు చేయాలి, ఎవరికి బాకీ ఉన్నారో తెలుసుకోవాలి.

మొదట అన్నీ ఒకచోటికి చేర్చుకోండి

ఒక నోటుపుస్తకం తీసుకుని మీరు ఇప్పటివరకు తెరిచిన ఖాతాలన్నీ రాయండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, 2023 జులై నుంచి ఎక్స్ అనే పేరుతో నడుస్తున్న ట్విట్టర్ వెంటనే గుర్తుకు వస్తాయి. గుర్తుకు రానివి వేరే ఉంటాయి. అభిమాన హీరో పేరు తగిలించుకుని తెరిచిన రెండో ప్రొఫైలు, బ్యాచి పేరుతో నడిపిన పేజీ, ఎన్నికల సమయంలో ఎవరో మిమ్మల్ని అడ్మిన్‌గా చేర్చిన పార్టీ పేజీ ఇలాంటివి. వాడటం మానేసిన యాహూ, రెడిఫ్ మెయిలు పెట్టెలు ఇంకా తెరుచుకుంటే, వాటిలో వెతికితే ఇవి చాలావరకు బయటపడతాయి. ఆర్కుట్ గురించి మాత్రం వెతకనక్కరలేదు, అది 2014 సెప్టెంబరు 30న మూతపడింది.

తరువాత ప్రతి ఖాతా నుంచి మీ సమాచారాన్ని దించుకోండి. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో మీ సమాచారాన్ని డౌన్‌లోడ్ చేసుకునే ఏర్పాటు ఉంది. దానిలో మీ పోస్టులతోపాటు ఇతరుల పోస్టుల కింద మీరు రాసిన కామెంట్లు కూడా వస్తాయి. కామెంట్లను వదిలిపెట్టకండి, ఎందుకంటే తన గోడ మీద మర్యాదగా రాసుకునే మనిషి కూడా పరాయి గోడ మీద తెగించి రాస్తాడు. ఎక్స్‌లో ఆర్కైవ్, అంటే మీ రాతలన్నిటి నకలు, కోరితే అది సిద్ధం కావడానికి ఒక రోజో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. యూట్యూబ్ కామెంట్లు గూగుల్ వారి మై యాక్టివిటీ పేజీలో దొరుకుతాయి. ఈ ఫైళ్లలో మీ వ్యక్తిగత సందేశాలు కూడా ఉండే అవకాశం ఉంది కాబట్టి ఈ పనిని నెట్ సెంటరులోగానీ, ఆఫీసు కంప్యూటరులోగానీ పెట్టుకోకండి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. మీ రాతల మీద ఇప్పటికే ఎవరైనా పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చినా, నోటీసు వచ్చినా, కేసు నడుస్తున్నా ఒక్క అక్షరం కూడా తీసివేయకండి. సాక్ష్యాన్ని మాయం చేయడం దానికదే వేరొక నేరం అవుతుంది. ముందు న్యాయవాదిని కలవండి. ఫీజు కట్టుకోలేనివారు, మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు జిల్లా కోర్టు ప్రాంగణంలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత సహాయం పొందవచ్చు.

తేదీల వరుసలో చదవండి

మాటలు పెట్టి వెతికితే సరిపోతుందని అనుకోకండి. చాలా ఫోన్లలో తెలుగు లిపి సరిగా రాని రోజుల్లో మనం తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో రాశాం, అదే తిట్టును పది రకాల స్పెల్లింగులతో రాశాం. వెతుకులాటకు అవేవీ చిక్కవు. పైగా బాగా గాయపరిచే వాక్యంలో తిట్టు అసలు ఉండకపోవచ్చు.

అందువల్ల కాలక్రమంలో చదవడమే మంచిది. అన్ని సంవత్సరాలకూ ఒకే శ్రద్ధ పెట్టనక్కరలేదు. మన ప్రాంతంలో మాటలు వేడెక్కిన కాలాలు మనకు తెలిసినవే. తెలంగాణ ఏర్పాటు నిర్ణయం ప్రకటించిన 2013 జులై 30 నుంచి రాష్ట్రం విడిపోయిన 2014 జూన్ 2 వరకు, 2014, 2019, 2024 ఎన్నికల నెలలు, మూడు రాజధానుల ప్రస్తావన వచ్చిన 2019 డిసెంబరు, ఆ తరువాతి నెలలు, కరోనా మొదలైన 2020 మార్చి, ఏప్రిల్, ఇవి కాక ప్రతి సంక్రాంతికీ పెద్ద హీరోల సినిమాలు ఒకేసారి విడుదలైన వారాలు. ఎక్స్‌లోని అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో మీ ఖాతా పేరు, తేదీల హద్దులు ఇస్తే ఆ మధ్యకాలపు రాతలు మాత్రమే ముందుకు వస్తాయి. ఫేస్‌బుక్‌లో యాక్టివిటీ లాగ్ తెరిచి సంవత్సరం, నెల ఎంచుకోవచ్చు.

ఒకేసారి కూర్చోలేనివారికి ఇంకొక దారి ఉంది. ఫేస్‌బుక్‌లోని మెమొరీస్ విభాగం ఆ రోజు తేదీతో గడిచిన సంవత్సరాలలో మీరు పెట్టినవాటిని చూపిస్తుంది. రోజూ ఉదయం దానిని చూస్తూ పోతే ఏడాదిలో మీ పోస్టులు చాలావరకు ఒకసారి కళ్లముందుకు వస్తాయి. అయితే ఇతరుల గోడల మీది కామెంట్లు ఇందులో రావు, వాటిని దించుకున్న ఫైలులోనే చదవాలి.

చదివేటప్పుడు మీ మాటతో ఆగిపోకుండా దాని కింద ఎవరెవరు ఏమన్నారో కూడా చూడండి. మీతో గొడవపడకుండా ఓపికగా నాలుగు వాక్యాలు వివరించినవారు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. వారి పేర్లు నోటుపుస్తకంలో రాసుకోండి.

వేరు చేయడంలో తొందర వద్దు

ఈ పనిలో కష్టమైనది ఇదే. అప్పటి అభిప్రాయం ఇప్పుడు మారిపోయినంత మాత్రాన అది సిగ్గుపడవలసినది కాదు. మారని అభిప్రాయం కూడా, చెప్పిన తీరు వల్ల, ఇతరులకు దెబ్బ అయి ఉండవచ్చు. ఈ రెండింటినీ కలిపి చూస్తే నిజాయితీగా చెప్పిన మాటను భయంతో తుడిచేస్తారు, లేదా అవమానకరమైన మాటను నా అభిప్రాయం నా ఇష్టమంటూ వెనకేసుకొస్తారు.

విభజన కాలాన్నే తీసుకోండి. 2013లో రాయలసీమ ఊళ్లలో రెండు నెలలకు పైగా ఉద్యోగుల సమ్మె సాగింది, బస్సులు నిలిచిపోయాయి, విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చారు. ఆ బాధ వెనుక చరిత్ర ఉంది. నీళ్లు, రాజధాని వంటి వాటిలో సీమకు న్యాయం జరగాలంటూ కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక 1937 నవంబరు 16న కుదిరింది. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లకే, 1956లో, ఆ రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. కృష్ణా నీళ్లు, ఉద్యోగాలు, పిల్లల చదువులు ఏమవుతాయోనన్న దిగులుతో పందొమ్మిదేళ్ల కుర్రవాడు విభజన వద్దని రాస్తే, అది ఈనాడు ఎవరి ముందూ దాచుకోవలసిన రాత కాదు. తెలంగాణ వారి కోరిక న్యాయమైనదని మీరు ఇప్పుడు భావిస్తున్నా సరే, ఆ పోస్టును ఉంచవచ్చు. దాని కింద తేదీ వేసి, అప్పుడు ఎందుకు అలా అనుకున్నారో, ఇప్పుడు ఏమనుకుంటున్నారో ఒక కామెంటు రాయండి. పాత పోస్టు వాక్యాలను గుట్టుగా మార్చకండి. ఫేస్‌బుక్‌లో మార్పుల చరిత్ర కనిపిస్తుంది, చూసినవారు అది మోసమనుకుంటారు.

అదే కాలంలో తెలంగాణ యాసను వెక్కిరిస్తూ, అక్కడివారిని సోమరులని, తాగుబోతులని అంటూ కొందరు రాసినవి వేరే జాతివి. వాటిలో నీళ్ల గురించి లేదు, రాజధాని గురించి లేదు. మనిషిని, అతడి తల్లి నేర్పిన మాటను తక్కువ చేయడం మాత్రమే ఉంది. మన సీమ యాసను సినిమాలలో రౌడీల నోట పెట్టినప్పుడు మనకు ఎంత కోపం వస్తుందో తెలిసినవారిమి కాబట్టి ఈ తప్పు బరువు మనకు ఇంకా బాగా తెలియాలి. ఇవి తొలగించవలసినవి, ఎవరి గోడ మీద రాశారో వారికి క్షమాపణ చెప్పవలసినవి.

ఫ్యాక్షను డాంబికం గురించి కాస్త వివరంగా చెప్పాలి. సీమ రక్తమని, నరికేస్తామని, వేటకొడవలి ఫోటో పెట్టి తొడగొట్టే డైలాగు రాసుకోవడం ఒక తరం కుర్రవాళ్లకు అలవాటయింది. రాసినవారిలో చాలామంది కొడవలి పట్టి ఎరుగరు. కానీ చదివినవారిలో, ఆ కక్షలలో తండ్రినో అన్ననో పోగొట్టుకుని, ఊరు విడిచి కర్నూలులోనో బెంగళూరులోనో కూలి చేసుకుని బతికిన కుటుంబాల పిల్లలు ఉన్నారు. వారికి అది సినిమా మాటగా వినిపించదు. పైగా సీమ వారికి ఇల్లు అద్దెకు ఇవ్వడానికి పై ఊళ్లలో వెనుకాడేవారు ఉన్నారని మనమే వాపోతుంటాం, ఆ అనుమానానికి ఆధారంగా చూపడానికి మన పాత పోస్టులే పనికివస్తాయి. ఫలానా ఊరినో, కుటుంబాన్నో, మనిషినో పేరుపెట్టి రాసిన బెదిరింపు ఉంటే దానిని ఈ జాబితాలో అన్నిటికన్నా పైన పెట్టండి.

అబద్ధమని తెలియక పంచుకున్న వార్తల సంగతి వేరు. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో కరోనా కేసులు ఎక్కువగా ఉన్న జిల్లాలలో కర్నూలు ముందుండేది. ఢిల్లీలోని తబ్లిగీ జమాత్ అనే ముస్లిం మతసంస్థ కేంద్రమైన మర్కజ్‌లో జరిగిన సమావేశానికి వెళ్లివచ్చినవారి పేరు చెప్పి, ముస్లింలు కావాలనే రోగాన్ని అంటిస్తున్నారంటూ వీడియోలు ఊరూరా తిరిగాయి. వాటిలో చాలావరకు పాతవనీ, వేరే సందర్భాలకు చెందినవనీ తరువాత తేలింది. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ తబ్లిగీ సభ్యుల మీది కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసినట్టుందని వ్యాఖ్యానించింది. కర్నూలులో దశాబ్దాలపాటు నామమాత్రపు ఫీజుతో పేదలకు వైద్యం చేసి, రెండు రూపాయల డాక్టరని పేరు పొందిన ఇస్మాయిల్ హుసేన్ గారు ఆ ఏప్రిల్‌లోనే కోవిడ్‌తో కన్నుమూశారు. ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప వేంకటేశ్వరుని దర్శనానికి వెళ్లే, కడప పెద్ద దర్గాలో అన్ని మతాలవారూ మొక్కుకునే నేల మనది. ఇటువంటి చోట ఆ వీడియోను పంచుకున్నవారు దానిని చడీచప్పుడు లేకుండా తీసేస్తే సరిపోదు. మీ మాట నమ్మి ఇంకొకరికి పంపినవారు ఉన్నారు, కాబట్టి అది తప్పని అదే గోడ మీద చెప్పాలి.

కులం పేరుతో చేసిన ఎగతాళి, హీరోల అభిమానుల గొడవలలో కులాన్ని లాగి రాసినవి, రిజర్వేషను గురించి మాట్లాడుతూ తోటి విద్యార్థి తెలివిని శంకించినవి, ఇవన్నీ పోవలసినవే. రిజర్వేషను విధానం మీద మీ వాదన ఉంటే ఉండవచ్చు. మీ క్లాసులోని ఒకరి ర్యాంకు చూపించి రాసిన మాట మాత్రం వాదన కాదు.

ఆడపిల్లల ఫోటోల కింద రాసిన మాటలు, అనుమతి లేకుండా పెట్టిన గ్రూపు ఫోటోలు, ఇతరుల ఇంటి సంగతులు, ఫోన్ నంబర్లు కనిపిస్తే వాటి గురించి ఆలోచించడానికి కూడా ఆగకండి. ఈ ఒక్క రకాన్ని, పైన చెప్పిన కేసుల హెచ్చరికకు లోబడి, చూసిన క్షణమే తీసివేయండి.

ప్రేమ విఫలమైనప్పుడు రాసిన కవితలు, పరీక్షల మీద విసుగు, వంకర ఫోజుల ఫోటోలు ఎవరికీ హాని చేయవు. ఉంచుకోండి, లేదంటే మీకు మాత్రమే కనిపించేలా ఆర్కైవ్ చేసుకోండి.

తొలగించే పద్ధతి

ఫేస్‌బుక్‌లో యాక్టివిటీ లాగ్ నుంచి పోస్టులను ఒకేసారి పదుల కొద్దీ ఎంచుకుని ఆర్కైవ్‌కో చెత్తబుట్టకో పంపవచ్చు. చెత్తబుట్టలోనివి ముప్పై రోజుల తరువాత పూర్తిగా పోతాయి, ఆలోగా మనసు మారితే వెనక్కి తెచ్చుకోవచ్చు. పాత పబ్లిక్ పోస్టులన్నిటినీ ఒక్కసారిగా మిత్రులకు మాత్రమే కనిపించేలా మార్చే ఏర్పాటు కూడా ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఉంది. పని పూర్తయ్యేదాకా ముందు దానిని వాడుకోండి. మీ పోస్టు తీసివేస్తే దాని కింద ఇతరులు రాసినవి కూడా పోతాయని గుర్తుంచుకోండి. మీకు ఓపికగా జవాబు చెప్పినవారి మాటలను ముందుగా నకలు తీసి దాచుకోండి, క్షమాపణ రాసేటప్పుడు అవి అవసరమవుతాయి.

ఎక్స్‌లో వేల కొద్దీ రాతలను ఒకేసారి తుడిచిపెడతామనే బయటి యాప్‌లు చాలా ఉన్నాయి. వాటికి మీ ఖాతా మీద అధికారం ఇవ్వాల్సి వస్తుంది. బాగా తెలిసినది కాకపోతే వాటి జోలికి వెళ్లకండి, ఎవరు అడిగినా పాస్‌వర్డు ఇవ్వకండి, వాడిన తరువాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ యాప్ అనుమతిని రద్దు చేయండి. వాట్సాప్‌లో అందరికీ కనిపించకుండా తొలగించే అవకాశం సందేశం పంపిన రెండు రోజుల పైచిలుకు వరకే ఉంటుంది. పాత గ్రూపులలోని మాటలను మీరు వెనక్కి తీసుకోలేరు, ఆ గ్రూపు ఇంకా నడుస్తుంటే అందులోనే సరిదిద్దుకునే మాట రాయడం ఒక్కటే మార్గం. తీసివేసిన పేజీ గూగుల్ వెతుకులాటలో ఇంకా కనిపిస్తుంటే, పాతబడిన ఫలితాలను తాజా చేయమని కోరే పనిముట్టు గూగుల్‌లోనే ఉంది. ఎవరి దగ్గరైనా ఉండిపోయిన స్క్రీన్‌షాట్లను మీరు ఏమీ చేయలేరు, అందుకే ఈ వ్యాసంలో క్షమాపణకు ఎక్కువ చోటు ఇస్తున్నాను.

చట్టం గురించి రెండు మాటలు. సోషల్ మీడియా రాతల మీద విరివిగా వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. అంతమాత్రాన ఏది రాసినా చెల్లుతుందని కాదు. వర్గాల మధ్య వైరం పెంచడం, మతవిశ్వాసాలను కావాలని అవమానించడం పాత శిక్షాస్మృతిలో 153ఎ, 295ఎ సెక్షన్ల కింద నేరాలు, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అవి 196, 299 సెక్షన్లు. ఇక మరచిపోబడే హక్కు, అంటే తన పాత వివరాలను తీసివేయమని కోరే హక్కు, విషయానికి వస్తే, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని చెప్పిన 2017 ఆగస్టు 24 నాటి సుప్రీంకోర్టు తీర్పులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్, పిల్లలు తెలియనితనంతో ఆన్‌లైన్‌లో చేసిన పొరపాట్ల ఫలితాన్ని జీవితాంతం అనుభవించకూడదని రాశారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తన సమాచారాన్ని చెరిపివేయమని కోరే హక్కును గుర్తించింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, కానీ అమలు దశలవారీగా జరుగుతుంది.

అమెరికాకు వెళ్లదలచినవారు దీనిని ప్రత్యేకంగా గమనించాలి. 2019 నుంచి వీసా దరఖాస్తులో గడిచిన ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతున్నారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాలకు, అదే ఏడాది డిసెంబరు నుంచి ఉద్యోగులకు ఇచ్చే హెచ్ 1బి, వారి కుటుంబసభ్యులకు ఇచ్చే హెచ్ 4 వీసాలకు దరఖాస్తు చేసేవారు తమ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని కోరుతున్నారు. మీ తప్పుడు రాతను తొలగించడం మీ ఇష్టం. ఖాతానే దాచిపెట్టి, లేదని ఫారంలో రాయడం మాత్రం చేయకండి. ఆ అబద్ధం తేలితే పాత పోస్టు కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

క్షమాపణ ఎవరికి, ఎలా

నోటుపుస్తకంలో రాసుకున్న పేర్ల దగ్గరికి ఇప్పుడు వెళ్లండి. నలుగురి ముందు అన్న మాటకు నలుగురి ముందే దిద్దుబాటు ఉండాలి. ఒకరికే అన్న మాటకు ఆ ఒక్కరికే చెప్పాలి. అందరి లైకుల కోసం రాసే పెద్ద పశ్చాత్తాప పోస్టు వల్ల మీకు మంచి పేరు వస్తుందేమో గానీ, మాట పడిన మనిషికి దానివల్ల ఏమీ దక్కదు.

ఏమన్నారో, ఎప్పుడన్నారో స్పష్టంగా రాయండి. మీ మనసు నొచ్చుకుని ఉంటే మన్నించండి అని రాయకండి, నొచ్చుకోవడం వారి బలహీనత అన్నట్టు అందులో వినిపిస్తుంది. అప్పుడు చిన్నవయసు, మిత్రులు రెచ్చగొట్టారు వంటి కారణాలు వద్దు. క్షమించమని బతిమాలి, జవాబు చెప్పవలసిన భారాన్ని వారి మీద వేయకండి. కరీంనగరులో ఉన్న పాత రూమ్మేటుకు రాయవలసి వస్తే, ఇలా రాయవచ్చు.

“అన్నా, 2013 ఆగస్టులో నువ్వు తెలంగాణ గురించి పెట్టిన పోస్టు కింద నేను మీ యాసను ఎగతాళి చేస్తూ కామెంటు రాశాను. మొన్న అది మళ్లీ చదివాను. విభజన మీద అప్పుడు నా ఆలోచన ఏదైనా కావచ్చు, నిన్నూ మీ వాళ్లనూ అట్లా అనడం తప్పు. నువ్వు ఆ రోజు కోప్పడకుండా జవాబు చెప్పినావు, దానికి కూడా నేను విలువ ఇవ్వలేదు. ఆ కామెంటు తీసేశాను. నువ్వు తిరిగి రాయాలని ఏమీ లేదు, నీకు చెప్పకుండా ఉండటం సరికాదని రాస్తున్నాను.”

తప్పుడు వార్త పంచుకున్నవారు తమ గోడ మీద ఈ విధంగా రాయవచ్చు.

“2020 ఏప్రిల్‌లో నేను ఇక్కడ ఒక వీడియో పెట్టి, ముస్లింలు కావాలని కరోనాను అంటిస్తున్నారని రాశాను. ఆ వీడియోకూ నేను రాసిన దానికీ సంబంధం లేదు. నిజమో కాదో చూడకుండా పంచుకున్నాను. దానిని తొలగించాను. నా మాట నమ్మి మరొకరికి పంపినవారు ఉంటే దయచేసి వారికి కూడా ఈ సంగతి చెప్పండి.”

ఊళ్లోనే ఉన్న మనిషి అయితే సందేశం పంపడం కన్నా ఎదురుగా వెళ్లి మాట్లాడటం మేలు. మీ వీధి చివర కొట్టు నడిపే భాయ్‌తో, మీతో చదువుకుని ఇప్పుడు అదే ఊళ్లో పనిచేసే అక్కతో, నలుగురూ లేని వేళ చూసుకుని నేరుగా చెప్పండి. వారు ఆ పోస్టును అసలు చూడలేదని అనవచ్చు, అలా అంటే నమ్మి ఊరుకోండి. చూశామని, ఇన్నాళ్లూ బాధపడ్డామని అంటే మధ్యలో సంజాయిషీ చెప్పకుండా పూర్తిగా వినండి.

క్షమాపణ చెప్పడానికి వెళ్లకూడని సందర్భం ఒకటి ఉంది. మీరు ఒక అమ్మాయిని సందేశాలతో వేధించి ఉంటే, ఆమె మిమ్మల్ని బ్లాక్ చేసి ఉంటే, కొత్త నంబరుతోనో కొత్త ఖాతాతోనో ఆమెను చేరడానికి ప్రయత్నించకండి. మీ సందేశం ఆమెకు ఆ పాత వేధింపు తిరిగి మొదలైనట్టే ఉంటుంది. ఆమె గురించి పెట్టినవన్నీ తీసివేయండి, ఆ మాటల్లో పాలుపంచుకున్న మిత్రుల చేత కూడా తీయించండి, ఆమె తలుపు తట్టకండి.

ఎవరైనా బయటకు తీసినప్పుడు

పంచాయతీ ఎన్నికలలో నిలబడినప్పుడో, ఉద్యోగంలో పోటీ వచ్చినప్పుడో ఎవరో ఒకరు పాత స్క్రీన్‌షాటును ముందుకు తెస్తారు. ఆ పూట జవాబు ఇవ్వకండి. ముందు అది నిజంగా మీదేనా, ఎవరైనా కల్పించినదా అన్నది దించుకున్న ఫైలుతో సరిచూసుకోండి. ఆ ఫైలు దాచుకోమనడానికి ఇది కూడా ఒక కారణం. కల్పించినదైతే ఆధారంతో చెప్పండి. మీదే అయితే మీదేనని ఒప్పుకోండి. ఖాతా హ్యాక్ అయిందని చెప్పడం మన దగ్గర మామూలైపోయింది, దానిని ఎవరూ నమ్మరు. ఏ సంవత్సరం రాశారో, అది ఎందుకు తప్పో, దాని గురించి ఇప్పటికే ఏం చేశారో మూడు నాలుగు వాక్యాలలో చెప్పి ఆపండి. కింద వచ్చే ప్రతి కామెంటుకూ బదులివ్వడం మొదలుపెడితే కొత్తగా నోరు జారే ప్రమాదం ఉంది.

ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచండి. మీ నాన్నకు ఆ స్క్రీన్‌షాటు టీకొట్టు దగ్గర ఎవరి ఫోనులోనో కనిపించే కన్నా మీ నోటి నుంచి వినడం మంచిది.

చివరగా మీ ఫోన్ గ్యాలరీ తెరిచి, ఇతరుల పాత రాతల స్క్రీన్‌షాట్లు ఎన్ని దాచుకున్నారో చూడండి. మిమ్మల్ని బెదిరించినవి, వేధించినవి సాక్ష్యాలు, వాటిని భద్రంగా ఉంచుకోండి. మిగిలినవాటిలో ఏదైనా మాట మిమ్మల్ని ఇంకా బాధపెడుతుంటే, దానిని పదిమందికి చూపే ముందు రాసిన మనిషికే పంపి, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నారా అని అడగండి. లేదని చెబితే ఆ స్క్రీన్‌షాటును తీసివేయండి.